పిన్‌బాల్ మెషీన్‌కు ఎల్ఈడీ బల్బులు: ఏ చోటికి ఏది, ఎలా పోల్చుకోవాలి

నల్లగొండలో మా ఆటో ఎలక్ట్రికల్ షాపులో టీ10 ఎల్ఈడీ బల్బులు డబ్బాలకొద్దీ ఉంటాయి. కారు పార్కింగ్ లైటుకు, నంబర్ ప్లేటు లైటుకు వాడేవి. పిన్‌బాల్ మెషీన్ అంటే వాలుగా ఉన్న చెక్క పలక మీద స్టీలు బంతిని కొడుతూ, వెలిగే గుర్తుల వైపు పంపి ఆడే ఆటపెట్టె. షాపులోని బల్బుల్లోంచి ఒకటి తీసుకెళ్లి ఆ మెషీన్‌లో 555 నంబరు బల్బు ఉండే హోల్డర్‌లో పెడితే చక్కగా కూర్చుంటుంది. అడుగున అదే పలచటి రెక్క, అటొకటి ఇటొకటి అవే తీగలు, పట్టు కూడా గట్టిగానే ఉంటుంది. కానీ వెలగదు. వెలిగినా ఉందా లేదా అన్నట్టు వెలుగుతుంది.

కారు బల్బు 12 వోల్టులది. అందులో తెల్ల ఎల్ఈడీలను మూడేసి వరుసగా కలుపుతారు. ఒక్కోదానికి సుమారు 3 వోల్టుల చొప్పున మొత్తం 9 వోల్టులు అందితే గానీ కరెంటు సరిగ్గా పారదు. పిన్‌బాల్‌లో ఆటంతా వెలిగి ఉండే బల్బులకు వచ్చేది 6.3 వోల్టుల ఏసీ. అది ఎంత పైకి ఎక్కినా 8.9 వోల్టుల దగ్గర ఆగి మళ్లీ దిగుతుంది. ఇక ఆ బల్బు ఏం వెలుగుతుంది? హోల్డర్‌లో పట్టింది కదా అని బల్బు కుదిరినట్టు కాదు.

మా అక్కాబావలు చాలా ఏళ్లు అమెరికాలో ఉండి సొంతూరికి వచ్చేశారు. ఇంటి సామానుతో పాటు బావ తన పిన్‌బాల్ మెషీన్‌ను కూడా కంటైనర్‌లో వేయించుకొచ్చాడు. విలియమ్స్ కంపెనీ 1992లో తెచ్చిన ఫిష్ టేల్స్ అది, చేపలు పట్టే ఆట. నల్లగొండ పక్కనున్న పానగల్లులో ఇంటి పైగదిలో పెట్టాడు. దాని బల్బుల పని నా చేతికి వచ్చింది. రోజంతా బండ్ల బల్బులతో గడిపేవాణ్ని కాబట్టి ఆ పని మీద మనసు పడ్డది. మన దగ్గర ఈ మెషీన్లు అరుదు, పాడైతే పక్కన అడుగుదామన్నా మనిషి దొరకడు. అందుకే తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్తాను. బల్బులను బల్ల మీద పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ వెలుగుతుందో చూసి కొనకండి. అది కూర్చునే చోట, ఆ చోటికి వచ్చే కరెంటుతో, దాని పైన ఉండే ప్లాస్టిక్ రంగు కింద పెట్టి చూడండి. ఒకే మెషీన్‌లో నాలుగైదు రకాలు అవసరం పడతాయి. "అన్నీ ఒకటే రకం రెండొందలు పంపించండి" అని ఆర్డర్ పెడితే సగం చోట్ల నచ్చవు.

పాత బల్బు ఏం చెప్తుంది

కొత్తది కొనేముందు పాతదాని నంబరు చూడండి. చాలావాటికి లోహపు మూతి మీదో, గాజు అడుగునో ముద్రించి ఉంటుంది. అరిగిపోయి ఉంటే మెషీన్ మాన్యువల్‌లో బల్బుల పట్టిక ఉంటుంది. మాన్యువల్ లేకపోతే ఇంటర్నెట్ పిన్‌బాల్ డేటాబేస్‌లో చాలా మెషీన్లవి దొరుకుతాయి.

44, 47 నంబర్లు నొక్కి తిప్పి బిగించే సన్న మూతి బల్బులు. ఆ మూతి పేరు బీఏ9ఎస్. పాత బండ్ల మీటర్లలో ఈ మూతి బల్బులు చూసినవాళ్లు గుర్తుపడతారు. రెండూ 6.3 వోల్టులవే. తేడా కరెంటులో ఉంది: 44 తీసుకునేది 0.25 ఆంపియర్లు, 47 తీసుకునేది 0.15. ఇక 555 గాజు రెక్కది, నొక్కితే కూర్చుంటుంది, లాగితే వస్తుంది. 6.3 వోల్టులు, 0.25 ఆంపియర్లు. 1990లలో వచ్చిన మెషీన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

వీటికి పెద్దన్నలు ఫ్లాషర్ బల్బులు. గట్టి షాట్ తగిలినప్పుడు ఒక్కసారి మెరిసి ఆరేవి. 89 నంబరు నొక్కి తిప్పే లావు మూతిది, మన బండ్ల ఇండికేటర్ బల్బు మూతి అదే, బీఏ15ఎస్. 13 వోల్టులు, 0.58 ఆంపియర్లు. 906 నంబరు గాజు రెక్కది, 13 వోల్టులు, 0.69 ఆంపియర్లు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 555, 906 రెండింటి రెక్కా ఒకే కొలత. దానిది దీనిలో, దీనిది దానిలో పట్టేస్తుంది. ఫ్లాషర్ లైనులో వచ్చేది 20 వోల్టులు. అక్కడ 555 రకం బల్బు పెడితే మొదటి మెరుపుకే మాడిపోతుంది. బల్బులన్నీ ఒకేసారి పీకి పళ్లెంలో పోసుకుంటే ఈ ప్రమాదం తప్పదు. తీసిన చోట వెంటనే కొత్తది పెట్టడమే మంచిది.

అసలు మార్చడం ఎందుకు

మెషీన్ ఆన్ చేయగానే వెలిగి, ఆటంతా వెలుగుతూ ఉండే దీపాలను జనరల్ ఇల్యూమినేషన్ అంటారు. లెక్క చూద్దాం. అలాంటివి 50 ఉన్నాయనుకుంటే 555 బల్బులకు ఒక్కోదానికి పావు ఆంపియర్ చొప్పున మొత్తం 12.5 ఆంపియర్లు కావాలి. వాట్లలో దాదాపు 79. అదంతా గాలి ఆడని చెక్కపెట్టెలో వేడిగా మారుతుంది. అవే చోట్ల 30 మిల్లీ ఆంపియర్ల ఎల్ఈడీలు పెడితే మొత్తం 1.5 ఆంపియర్లతో సరి. రోహిణి కార్తెలో పైగదిలో మెషీన్ ఆడించేవాళ్లకు ఈ తేడా చేతికే తెలుస్తుంది. వెనక నిలువు పెట్టె అద్దం మీద అరచెయ్యి పెట్టి చూడండి.

ఆ వేడి మనల్ని ఉక్కబోయించడంతో ఆగదు. విలియమ్స్, బ్యాలీ పేర్లతో 1990ల్లో వచ్చిన డబ్ల్యూపీసీ అనే సర్క్యూట్ బోర్డుల రకం మెషీన్లలో (బావది కూడా అదే) ఈ దీపాల కరెంటంతా వెనక పెట్టెలోని డ్రైవర్ బోర్డు మీద కొద్దిపాటి పిన్నుల్లోంచే పోవాలి. బావ మెషీన్ తెరిచినప్పుడు ఆ కనెక్టర్ తెల్లదనం పోయి గోధుమ రంగుకు తిరిగి ఉంది. వేలు పెట్టి కదిపితే రెండు పిన్నుల చుట్టూ సోల్డర్ పగిలి సన్నటి వలయంలా కనిపించింది. ఏళ్ల తరబడి ఎక్కువ కరెంటు మోసిన గుర్తు అది. ఎల్ఈడీలు పెట్టినంత మాత్రాన కాలిన కనెక్టర్ బాగుపడదు. ముందు పిన్నులు, కనెక్టర్ రెండూ మార్చి, ఆ తర్వాత బల్బుల జోలికి వెళ్లాలి. పిన్నులు మార్చకుండా కనెక్టర్ ఒక్కటే మారిస్తే మళ్లీ కాలుతుంది.

వెనక పెట్టె అద్దం మీదే బొమ్మ అచ్చు వేసిన పాత మెషీన్లయితే ఇంకో కారణం ఉంది. వెనక నుంచి వేడి తగిలీ తగిలీ రంగు పొరలు పొరలుగా లేస్తుంది. ఆ బొమ్మ పోతే మళ్లీ రాదు. మిగతా మెషీన్ అంతా పాత బల్బులతోనే ఉంచుకోవాలనుకునేవాళ్లు కూడా ఆ అద్దం వెనక మాత్రం ఎల్ఈడీలు పెట్టమని నా సలహా.

మన కరెంటు సంగతి కూడా చెప్పాలి. వోల్టేజి పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ అవతల 6.3 కూడా అదే లెక్కన పెరుగుతుంది. వోల్టేజి 5 శాతం పెరిగితే చాలు, ఫిలమెంట్ బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రాత్రి పదింటికి ఊళ్లో లోడు తగ్గి వోల్టేజి ఎగిసే చోట్ల ఈ బల్బులు ఎందుకు తొందరగా పోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

బల్ల మీద పరీక్ష

ఎలక్ట్రానిక్స్ సామాను షాపులో 6-0-6 ట్రాన్స్‌ఫార్మర్ అడగండి, 1 ఆంపియర్‌ది చాలు. నల్లగొండలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. దాని మధ్య తీగ, ఒక చివరి తీగ తీసుకుంటే 6 వోల్టుల ఏసీ వస్తుంది. రెండు చివర్లు తీసుకుంటే 12 వస్తుంది, కాబట్టి మూడో తీగకు టేపు చుట్టి పక్కన పెట్టండి. 230 వోల్టులు వచ్చే వైపు అతుకులు బయటికి కనపడకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఒక చిన్న ఫ్యూజు కూడా వెయ్యండి. లోడు లేకుండా మీటరు పెడితే 6 కన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుంది, కంగారు పడొద్దు.

రెండు హోల్డర్లను నాలుగు వేళ్ల దూరంలో బిగించి ఈ 6 వోల్టులు ఇవ్వండి. ఒకదానిలో మెషీన్‌లోంచి తీసిన మంచి పాత బల్బు, రెండోదానిలో పరీక్షించే ఎల్ఈడీ. పాతది ఎప్పుడూ పక్కన ఉండాల్సిందే. లేకపోతే కన్ను రెండు నిమిషాల్లో కొత్త వెలుగుకు అలవాటు పడిపోయి, ఎంత తెల్లటిదైనా బాగానే ఉందనిపిస్తుంది.

ముందు ఎల్ఈడీని తిప్పి పెట్టి చూడండి. ఏసీలో రెండు వైపులా ఒకేలా వెలగాలి. కొన్ని చవక రకాల్లో లోపల బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీ అల రెండు సగాలనూ ఒకే దిక్కుకు తిప్పే భాగం) ఉండదు. అవి ఏసీ అలలో సగం భాగానికే వెలుగుతాయి. అది పట్టుకోవడం తేలిక: ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూస్తే పాత బల్బు నిలకడగా ఉంటుంది, సగం అల ఎల్ఈడీ అన్నిటికన్నా ఎక్కువగా టపటప కొట్టుకుంటుంది. ఫోన్ లేకుండా ఇంకా మంచి పరీక్ష ఉంది. ఆ వెలుగు కింద నున్నటి స్టీలు బంతిని దొర్లించండి. నిలకడ ఉన్న వెలుగులో బంతి మీద మెరుపు గీతలా సాగుతుంది. సగం అల రకంలో ఆ గీత తెగి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆట ఆడేవాడికి కావలసింది బంతి ఎటు పోతుందో తెలియడం. చుక్కల వెలుగులో వేగంగా వచ్చే బంతి కంటికి తప్పిపోతుంది.

అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మన దగ్గర 50. బ్రిడ్జ్ ఉన్న ఎల్ఈడీ అక్కడ సెకనుకు 120 సార్లు కొట్టుకుంటే ఇక్కడ 100 సార్లు. బ్రిడ్జ్ లేనిది ఇక్కడ 50 సార్లే. కాబట్టి అక్కడివాళ్లు "నాకేం తేడా కనిపించలేదు" అన్న బల్బు ఇక్కడ తేడా చూపించవచ్చు. మెషీన్‌ను స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపినా ఇది మారదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గిస్తుంది గానీ 50ని 60 చెయ్యదు.

కరెంటు కూడా కొలవండి. మల్టీమీటర్‌ను ఏసీ మిల్లీ ఆంపియర్లలో పెట్టి వరుసలో కలిపితే సరి. ఎల్ఈడీ కరెంటు అల వంకరటింకరగా ఉంటుంది కాబట్టి మామూలు మీటరు అంకె నిక్కచ్చిగా రాదు, కానీ ఒక రకాన్ని ఇంకో రకంతో పోల్చడానికి పనికొస్తుంది. అరగంట వెలిగించి ముట్టుకుని చూడండి. వేలు నిలవనంత వేడెక్కే ఎల్ఈడీ మెషీన్‌లో ఎక్కువ కాలం ఉండదు.

ఆరిన దీపం ఆరాలి

ఆట సాగుతుంటే వెలిగి ఆరుతూ బాణాలను, గుర్తులను చూపించే బల్బులకు వచ్చే కరెంటు వేరు. దీన్ని తెలుసుకుంటే సగం గందరగోళం పోతుంది.

డబ్ల్యూపీసీ మెషీన్‌లో ఈ బల్బులు 8 నిలువు వరుసలు, 8 అడ్డ వరుసలుగా, మొత్తం 64 దాకా కలిపి ఉంటాయి. మెషీన్ ఒక్కో నిలువు వరుసకు వంతులవారీగా 18 వోల్టులు ఇస్తుంది. అంటే ఏ బల్బుకైనా కాలంలో ఎనిమిదో వంతే కరెంటు అందుతుంది. 18 వోల్టులు ఎనిమిదో వంతు కాలం ఇస్తే ఫిలమెంట్‌లో పుట్టే వేడి, 6.36 వోల్టులు ఆగకుండా ఇచ్చినప్పటి వేడితో సమానం. 6.3 వోల్టుల బల్బు అక్కడ సుఖంగా వెలగడం వెనక ఉన్న లెక్క ఇదే. నాకు ఈ మెషీన్ మీద గౌరవం పెరిగింది కూడా ఇది అర్థమైన రోజునే.

ఎల్ఈడీకి వేడితో పని లేదు, వోల్టులు ఎంత వస్తే అంత కరెంటు అప్పటికప్పుడు లాగుతుంది. 6 వోల్టుల డీసీకి చేసిన ఏదో ఎల్ఈడీని ఇక్కడ పెడితే, దాని లోపలి రెసిస్టర్ 6.3 వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంపియర్లు పోనిచ్చేదైతే, 18 వోల్టుల దెబ్బకు 90 దాకా పోనిస్తుంది. కాలంలో ఎనిమిదో వంతే కాబట్టి కొన్ని తట్టుకుంటాయి, కొన్ని తొందరగా చస్తాయి. పిన్‌బాల్ కోసమే చేసినవి తీసుకోమనేది ఇందుకే.

ఇంకో సమస్య ఘోస్టింగ్. ఒక వరుస ఆరి ఇంకో వరుస వెలిగే ఆ రెప్పపాటులో పక్క బల్బుల్లోకి కొద్దిపాటి కరెంటు జారుతుంది. ఫిలమెంట్ వేడెక్కడానికి అది చాలదు కాబట్టి పాత బల్బుల్లో ఎవరికీ కనిపించలేదు. ఎల్ఈడీకి ఆ కాస్త కూడా చాలు, లీలగా వెలుగుతుంది. నేను తెచ్చిన ఒక రకం పెట్టి ఆడిస్తుంటే మా మేనకోడలు పట్టేసింది: "మామా, ఆరిన బాణం ఇంక సన్నగ వెలుగుతనే ఉంది." ఏ బాణం వైపు కొట్టాలో దీపం చూసి తేల్చుకునే ఆటలో ఇది చిన్న లోపం కాదు. నాన్ ఘోస్టింగ్ అని అమ్మే రకాల్లో ఆ జారే కరెంటును మింగేసే రెసిస్టర్ పక్కన కలిపి ఉంటుంది. బాణాల కింద వాటినే వాడండి.

దీన్ని బల్ల మీద పరీక్షించలేం, మెషీన్‌లోనే చూడాలి. రాత్రిపూట గదిలో లైటు ఆర్పండి. కాయిన్ డోర్ (నాణేలు వేసే ముందు తలుపు) తెరిచి లోపలి బటన్లతో టెస్ట్ మెనూలోకి వెళ్లి, బల్బులను ఒక్కొక్కటిగా వెలిగించే పరీక్ష పెట్టండి. ఒకటి వెలుగుతున్నప్పుడు అదే వరుసలోని మిగతావి చిమ్మచీకటిగా ఉండాలి. పలక పైనుండే అద్దం తీసి, రెండు చేతులూ బల్బు చుట్టూ గూడులా పెట్టి దగ్గరగా చూడండి. పగటి వెలుగులో ఇది దాక్కుంటుంది.

1970ల చివరి నుంచి 1980ల మధ్య దాకా వచ్చిన బ్యాలీ మెషీన్లు ఉన్నవాళ్లకు కథ వేరు. వాటిలో బల్బులను నడిపేవి ఎస్‌సీఆర్‌లు అనే ఒక రకం ఎలక్ట్రానిక్ స్విచ్చులు. అవి ఆన్‌లో ఉండాలంటే కనీసం కొంత కరెంటు పారుతూ ఉండాలి. ఎల్ఈడీ అంత లాగదు కాబట్టి మిణుకుమిణుకుమంటుంది. బల్బు చెడిపోయిందని మార్చుకుంటూ పోతే డబ్బు దండగ. హోల్డర్‌కు పక్కగా ఒక రెసిస్టర్ కలపాలి, చాలామంది 470 ఓంలది వాడతారు. లేదా అందుకోసమే అమ్మే అడాప్టర్ బోర్డు వెయ్యాలి.

పాత బల్బు మెల్లగా వెలిగి మెల్లగా ఆరుతుంది. ఎల్ఈడీ ఠక్కున వెలిగి ఠక్కున ఆరుతుంది. ఆ మెత్తదనం కావాలనుకునేవాళ్ల కోసం ఎల్ఈడీ ఓసీడీ అనే బోర్డు అమ్ముతారు, అది కరెంటును మెల్లగా ఎక్కించి దించుతుంది. జనరల్ ఇల్యూమినేషన్ ఆట మధ్యలో మసకబారే మెషీన్లలో ఎల్ఈడీలు తడబడితే, ముందు సెట్టింగుల్లో ఆ మసకబార్చడాన్ని ఆపేసి చూడండి. డబ్ల్యూపీసీ మెషీన్లలో ఆ ఏర్పాటు ఉంది, పైసా ఖర్చు లేదు.

రంగు దగ్గర తొందరపడొద్దు

నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే, మీరూ పెట్టాలి.

తెలుపు ఒకటి కాదు. తెలుపు రంగును కెల్విన్ అనే కొలతలో చెప్తారు. 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్నది వార్మ్ వైట్, పాత బల్బు పసుపుకు దగ్గర. 6000 దాటితే కూల్ వైట్, నీలం జాడ ఉంటుంది. మధ్యలో ఉండేదాన్ని కొందరు సన్‌లైట్ అని అమ్ముతారు. తెల్ల ఎల్ఈడీ లోపల నిజానికి నీలం చిప్ ఉంటుంది, దాని మీద పసుపు పూత వేస్తే మనకు తెలుపు కనిపిస్తుంది. అందుకే కూల్ వైట్‌లో ఎరుపు పాలు తక్కువ. ఫిలమెంట్ వెలుగులో ఎరుపే ఎక్కువ.

దీన్ని ఒక ఎర్ర బాణం కింద చూశాను. చెక్క పలకలో దిగ్గొట్టిన ఎర్ర ప్లాస్టిక్ ముక్క అది, దాన్ని ఇన్సర్ట్ అంటారు. పలక ఎత్తి పట్టుకుని ఒకే హోల్డర్‌లో ఒకదాని తర్వాత ఒకటి నాలుగు పెట్టాను. పాత 555తో బాణం నిండా నిప్పు రంగు, అంచుల దగ్గర కొంచెం ముదురు. కూల్ వైట్ పెట్టగానే ఎరుపు వెలిసి గులాబీ అయింది, నడుమ తెల్లటి చుక్క ఒకటి. వార్మ్ వైట్‌తో గులాబీతనం తగ్గింది కానీ వెలుగు పాత బల్బంత లేదు. ఎర్ర ఎల్ఈడీ పెడితే బాణం కొస దాకా ఒకే ఎరుపు. ఎర్ర ప్లాస్టిక్ కింద ఎర్ర ఎల్ఈడీ అని అక్కడే ఖాయం చేసుకున్నా.

పసుపు దగ్గర ఈ సూత్రం పనిచెయ్యదు. పసుపు ఎల్ఈడీ పసుపు ప్లాస్టిక్ కింద నారింజలోకి జారి, పక్కనున్న నారింజ బాణంతో కలిసిపోతుంది. అక్కడ వార్మ్ వైట్ పెట్టండి, నారింజకు కూడా అదే మంచిది. ఆకుపచ్చ కింద ఆకుపచ్చ ఎల్ఈడీ ముదురుగా వస్తుంది, లేత రంగు కావాలంటే కూల్ వైట్. నీలం కింద నీలం బాగుంటుంది గానీ రాత్రి కళ్లకు గుచ్చుతుంది, అలాంటప్పుడు కూల్ వైట్ చాలు. రంగు లేని ప్లాస్టిక్ కింద మాత్రం రంగు ఎల్ఈడీ పెట్టొద్దు. ఈ ఆటల్లో రంగు చూసే గుర్తు పట్టాలి, తెల్లదాన్ని ఊదా చేస్తే మాన్యువల్‌లో రాసింది ఒకటి, కంటికి కనిపించేది ఒకటి అవుతుంది.

జనరల్ ఇల్యూమినేషన్ విషయంలో బావకు ఒక కోరిక ఉండె. "నీళ్ల ఆట కదా బామ్మర్దీ, మొత్తం నీలం పెడదాం, సాగర్ డ్యామ్ లెక్క ఉంటది" అన్నాడు. ఒక మూల నాలుగు పెట్టి చూపించాను. ఆ మూల బొమ్మలో ఎరుపు నల్లబడింది, మనిషి ముఖం బూడిద రంగుకు తిరిగింది. "తీసెయ్ తీసెయ్" అన్నది పక్కనున్న అక్క. ఆ బొమ్మలు గీసినవాళ్లు ఫిలమెంట్ వెలుగులో చూడటానికి గీశారు. అందుకే వాటి మీద పడే వెలుగుకు వార్మ్ వైట్ గానీ, మరీ పసుపు వద్దనుకుంటే సన్‌లైట్ గానీ ఏదో ఒకటే తీసుకుని అంతటా అదే వేశాం. ఒకేసారి, ఒకే చోట కొనండి. వార్మ్ వైట్ అని రాసిన రెండు కంపెనీల బల్బులు పక్కపక్కన పెడితే రెండు రంగులుగా కనిపిస్తాయి.

వెలుగు ఎటు పోవాలి

పాత బల్బు అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది. ఎల్ఈడీ చిప్ ముఖం ఎటుంటే అటే. బాణం కింద ఉండేదానికి వెలుగు పైకి పోవాలి, కాబట్టి తల మీద ఒకే చిప్ ఉన్న బల్లపరుపు రకం చాలు. ప్లాస్టిక్ బొమ్మల కింద దాగి ఉండి చుట్టూ పలక మీద వెలుగు పరచాల్సిన చోట అదే రకం పెడితే, తలపైన ప్లాస్టిక్ మెరిసి పలక చీకటిగా ఉంటుంది. అక్కడ పక్కలకు చిప్‌లు ఉన్న స్తంభం లాంటి రకం, లేదా పాలరంగు మూత ఉన్న ఫ్రాస్టెడ్ రకం కావాలి. వెనక అద్దానికి ఫ్రాస్టెడే వాడండి, లేకపోతే బొమ్మ వెనక ఒక్కో బల్బూ చుక్కలా తెలిసిపోతుంది.

మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో లింగం మీద ఒక నీడ రోజంతా కదలకుండా నిలబడి ఉంటుంది. ఎండ ఎటు తిరిగినా వెలుగు స్తంభాల మధ్య నుంచి అన్ని దిక్కులా లోపలికి వచ్చేలా కట్టారు. పిన్‌బాల్ పలక మీద కూడా నీడలను మెత్తబరిచేది బల్బుల బలం కాదు, వెలుగు ఎన్ని వైపుల నుంచి వస్తుందన్నదే. ఒక మూల చీకటిగా ఉంటే అక్కడి బల్బును రెట్టింపు వెలుగుదానితో మార్చకండి, పక్కలకు వెలుగిచ్చే రకంతో మార్చండి.

ఎత్తు కూడా చూడండి. కొన్ని ఎల్ఈడీలు పాత బల్బు కన్నా పొడుగు. బాణం అడుగుకు ఆనుకుంటే మధ్యలో మంటలాంటి చుక్క పడుతుంది. పలక పైన బంతి దారి పక్కనుండే వాటిలో పొడుగువి పెడితే బంతి తగిలి విరుగుతాయి.

చివరి తీర్పు ఆటలోనే. అద్దం తిరిగి పెట్టి, ఆడే చోట నిలబడి, గదిలో మీరు మామూలుగా ఆడే వెలుగులో ఆడండి. జనరల్ ఇల్యూమినేషన్ మరీ ఎక్కువైతే బాణాలు వెలిగాయా ఆరాయా తెలియదు, మీద అద్దంలో బల్బులే కనిపిస్తాయి. వయసులో ఉన్నవాళ్లతోనూ, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లతోనూ ఆడించి అడగండి. మా అక్కకు నచ్చిన వెలుగు బావకు నచ్చినదానికన్నా ఒక మెట్టు తక్కువ, చివరికి అదే ఉంచాం.

ఫ్లాషర్ల గురించి ఎక్కువ చెప్పను. పిన్‌బాల్ ఫ్లాషర్ అని రాసిన ఎల్ఈడీలనే కొనండి. షాపులో ఇండికేటర్ ఎల్ఈడీ 89 హోల్డర్‌లో పడుతుంది గానీ అది 20 వోల్టుల మెరుపుల కోసం చేసింది కాదు. కంటి ఎత్తులో, ముఖానికి ఎదురుగా ఉన్న ఫ్లాషర్లలో పాత బల్బులే వదిలేసినా నష్టం లేదు. అవి మెరిసేది క్షణకాలం, వేడి ఎంతో ఉండదు.

పెట్టేటప్పుడు

ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు. పైఅద్దాన్ని పట్టి ఉంచే ముందువైపు బార్ తీసి అద్దాన్ని మెల్లగా కిందికి జార్చండి. అది టెంపర్డ్ గ్లాస్, గచ్చు మీద అంచు తగిలితే ముక్కలు ముక్కలవుతుంది, బొంత మీద పెట్టండి. బంతులన్నీ తీసేశాకే పలక ఎత్తాలి. అంతసేపూ వెలిగిన పాత బల్బులు వేడిగా ఉంటాయి, పది నిమిషాలు ఆగండి.

ఒక లైను పూర్తి చేసి, పలక దించి, వెలిగించి చూసి, తర్వాతి లైనుకు వెళ్లండి. వెలగని ఎల్ఈడీ ఉంటే తీసి తిప్పి పెట్టండి. అయినా వెలగకపోతే దాని అడుగు తీగలను కొంచెం బయటికి వంచండి, చాలాసార్లు అక్కడే పట్టు దొరకదు. నొక్కి తిప్పే హోల్డర్లలో తుప్పు ఉంటే సన్న ఎమరీ పేపర్‌తో లోపలి గోడ, అడుగు చుక్క రుద్దండి. పాత బల్బు ఎక్కువ కరెంటుతో ఆ తుప్పులోంచి ఎలాగో నెట్టుకొచ్చేది, ఎల్ఈడీ అక్కడ వణుకుతుంది.

కామెట్ పిన్‌బాల్, కాయిన్‌టేకర్ లాంటి అమెరికా కంపెనీలు వీటిని అమ్ముతాయి. బరువు ఏమీ ఉండదు కాబట్టి వచ్చే చుట్టాల సూట్‌కేస్‌లో ఒక మూలకు సరిపోతాయి. ముందు ఒక్కో రకం రెండు మూడు తెప్పించి పైన చెప్పినట్టు చూసుకోండి. అసలు ఆర్డర్‌లో మూతి రకం, 6.3 వోల్టులు, ఏసీకి పనికొచ్చేది, నాన్ ఘోస్టింగ్, రంగు, మూత ఎలాంటిది, ఇవన్నీ రాయించండి. లెక్కకు ఒక అరడజను ఎక్కువ తీసుకోండి. ఏడాది తర్వాత అదే పేరుతో వచ్చే బల్బు అదే తెలుపు ఉంటుందన్న హామీ లేదు.

తీసిన పాత బల్బుల్లో మంచివి నంబర్ల వారీగా వేరే డబ్బాల్లో దాచండి. మెషీన్ అమ్మాల్సి వస్తే కొనేవాళ్లు అడుగుతారు. ఏ హోల్డర్‌లో ఏ రకం పెట్టారో, ఎక్కడ తెప్పించారో ఒక కాగితం మీద రాసి కాయిన్ డోర్ లోపలి వైపు అంటించండి. ఫ్లాషర్ల దగ్గర 906 అని పెద్దక్షరాలతో రాయండి, తర్వాత చెయ్యి పెట్టేవాళ్లు అక్కడ 555 గుచ్చకుండా.